అతుకు లేని గోడ

మూడోసారి చేతులు కడుక్కుంటున్నాడు చెమ్మ మేస్త్రి. ఇంకా పనిలోకి దిగనే లేదు. అక్క ఇంటి పెరట్లో కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, గోళ్ళ సందుల్లో సబ్బు పట్టించి, పాత పళ్ళ బ్రష్షుతో ఒక్కో గోరూ తోముతున్నాడు. ఆ బ్రష్షు ఎప్పుడూ అతని చొక్కా జేబులోనే ఉంటుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు. అతనికి లెక్కలేదు.

పక్కనే బాత్‌రూములో బావ గొంతు శుభ్రం చేసుకుంటున్నాడు. శుభ్రం అనడం మర్యాద కోసం. ముందు ఖాండ్రిస్తాడు. తర్వాత దగ్గుతాడు. హమ్మయ్య, అయిపోయింది అని వినేవాడు ఊపిరి తీసుకునేలోగా, అరికాళ్ళ నుంచి లాక్కొచ్చినట్టు ఇంకోసారి లాగి, థూ అని ఉమ్మి, ఉమ్మినదాన్ని వంగి పరీక్షగా చూస్తాడు. తలుపు మూసి ఉన్నా ఇప్పుడు చూస్తున్నాడని మేస్త్రికి తెలుసు. ఇరవైమూడేళ్ళుగా ఆ మనిషితో కలిసి పనిచేస్తున్నాడు, తెలియక ఏం చేస్తాడు! కడుపులో తిప్పింది. పొద్దున తాగిన టీ గొంతుదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ చప్పుడు వినపడకుండా కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పాడు.

మేస్త్రి పుట్టుకతోనే చీదర మనిషి. చిన్నప్పుడు ఇంకొకరు కొరికిన పండు ముట్టేవాడు కాదు. బంధువుల ఇళ్ళకి వెళితే తన గ్లాసు తను పట్టుకెళ్ళేవాడు. ఇప్పటికీ బస్సులో కమ్మీ పట్టుకోవాలంటే జేబురుమాలు చుట్టి పట్టుకుంటాడు. ఇంటావిడ రుచి చూసిన గరిటెని మళ్ళీ గిన్నెలో ముంచిందేమోనని, ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా వంటింట్లోకి తొంగిచూస్తాడు. "ఈయనకి నేను కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే పుట్టింట్లో ఉండేవారు" అని ఆవిడ పదిమందిలో అంటుంది. అలాంటివాడికి బతుకు ఏరి కోరి ఇచ్చిన పని, మునిగిన సెల్లార్ల గోడలకి చెమ్మ ఆగే పూత వెయ్యడం. మురుగు దిగిన చోటు, ఎలుకలు చచ్చిన చోటు, మనుషులు ముక్కు మూసుకుని పారిపోయే చోటు, అక్కడ అతను రోజంతా నిలబడాలి.

మొదట్లో ఇద్దరూ ఇళ్ళకి రంగులు వేసేవాళ్ళు. ఒక ఏడాది వరద వచ్చి కింది అంతస్తులన్నీ మునిగాయి. ఆ తర్వాత రంగుల కోసం పిలిచేవాళ్ళు లేరు. సెల్లారు గోడలు బాగుచెయ్యండి మహాప్రభో అని మాత్రం వెంటపడేవాళ్ళు. గోడ గోడేరా బామ్మర్దీ, పైనైతేనేం కిందైతేనేం అన్నాడు బావ. ఆయనకేం, రోత అంటే ఏమిటో తెలియని మనిషి. బురద చేతులు లుంగీకి తుడుచుకుని డబ్బా మూత తీస్తాడు. చెవిలో తిప్పుకున్న అగ్గిపుల్లతోనే పళ్ళు కుట్టుకుంటాడు. చచ్చిన ఎలుకని తోకపట్టి ఎత్తి, పాపం పెద్దదేరా అంటాడు.

పని పంచుకోవడం కూడా ఈ చీదర వల్లే జరిగింది. పూత అంటే పొడి ఒకటి, పాలలాగా తెల్లటి ద్రవం ఒకటి, రెండూ కలిపి గోడకి పట్టించడం. పొడి బస్తా విప్పగానే మేఘంలా లేస్తుంది. ముక్కులోకి, నోట్లోకి, కళ్ళల్లోకి పోతుంది. మేస్త్రికి అది పడదు. మూతికి రెండు వరసల గుడ్డ కట్టుకున్నా పడదు. అందుకని కలపడం బావకి వచ్చింది. గుడ్డ కట్టుకో బావా అంటే, కడితే ఊపిరాడదురా అనేవాడు. ఇన్నేళ్ళూ కలిపాడు. ఇప్పుడు గుడ్డ కట్టుకోకపోయినా ఊపిరాడటం లేదు.

అక్క క్యారేజీ సంచి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. తమ్ముడి పక్కన నిలబడి, బాత్‌రూము తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఒరేయ్, ఇవాళ ఆయన్ని కిందికి దించకు. ఎల్లుండి పెద్దాస్పత్రికి రమ్మన్నారు. ఆ రెండు రోజులూ దుమ్ములోకి పోకూడదని మరీ మరీ చెప్పారు."

"ఇంట్లోనే ఉండమను అక్కా."

"చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. వాడొక్కడే అయిపోతాడు అంటాడు. నీకోసమేరా ఆ రావడం. పైన గాలి తగిలే చోట కూర్చోబెట్టి కలిపించుకో. కింద మాత్రం వద్దు."

సరే అన్నాడు మేస్త్రి. సరే అంటే చాలదు, మాటివ్వమంది. తడిచేతులు గాలిలో ఆరబెట్టుకుంటూ, కిందికి దించనని మాటిచ్చాడు.

సంచిలో క్యారేజీ పక్కన బావ స్టీలు గ్లాసు కనిపించింది. మేస్త్రి చూపు దాని మీద పడి పక్కకి జారింది. ఆ గ్లాసు కింది అంచున బొటనవేలంత బూడిదరంగు మచ్చ ఉంటుంది. అది అతను పెట్టిందే. పదకొండేళ్ళ కిందట ఒక సెల్లార్లో పొరపాటున బావ గ్లాసులో నీళ్ళు తాగాడు. సగం తాగాక అడుగున అగ్గిపుల్ల ముక్క కనపడింది. గోడవారకి పరిగెత్తి పేగులు బయటికొచ్చేలా కక్కాడు. మర్నాడు పూత బకెట్లో వేలు ముంచి గ్లాసుకి ఒక మచ్చ అద్దాడు. ఎందుకురా అని బావ అడిగితే, నీ గ్లాసు ఇంకెవరూ పట్టుకుపోకుండా గుర్తు పెట్టాను బావా అన్నాడు. బావ గ్లాసు తిప్పి తిప్పి చూసి, మంచి పని చేశావన్నాడు. అప్పటినుంచి గ్లాసులు కలవలేదు. పూత కూడా ఊడలేదు. మేస్త్రి వేసిన పూత పట్టిందంటే పట్టినట్టే.

అలా కక్కినవాడి సంగతి ఇంకొకటి చెప్పాలి, చెప్పకపోతే తప్పు. అంతకు చాలా ముందు, ఒక మురుగు సెల్లారు పని అయ్యాక మేస్త్రికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని నాలుగు రోజులు మంచం మీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఇంటావిడ పురిటికి వెళ్ళింది. అక్క చంటిపిల్లతో ఉంది. ఆ నాలుగు రోజులూ పక్క గుడ్డలు మార్చిందీ, ఒళ్ళు కడిగిందీ, బకెట్లు ఎత్తిపోసిందీ బావే. ముక్కు మూసుకోలేదు. ముఖం చిట్లించలేదు. లేచి కూర్చున్న రోజున, నీ ఒంట్లో ఇంత సరుకుందని తెలియదురా అని నవ్వాడు. మేస్త్రి ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తడు. గుర్తొస్తే సిగ్గు వేస్తుంది, సిగ్గు వేస్తే కోపం వస్తుంది, ఆ కోపం మళ్ళీ బావ మీదికే పోతుంది.

మేస్త్రి స్కూటరు నడుపుతుంటే బావ వెనక కూర్చున్నాడు. మేస్త్రి మెడ చుట్టూ తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. అది ఎండ కోసమని లోకం అనుకోవచ్చు. బావ దగ్గినప్పుడల్లా వెచ్చటి గాలి ఆ తువ్వాలుకి తగిలేది. ప్రతి దగ్గుకీ మేస్త్రి భుజాలు చెవులదాకా లేచేవి. ఇవాళ ఆ దగ్గు అడుగున సన్నగా ఈల లాంటి చప్పుడు కూడా ఉంది. మేస్త్రికి అది వినపడింది. విని, స్కూటరు వేగం పెంచాడు. తొందరగా చేరితే తొందరగా దిగుతాడు కదా.

చేరింది అయిదంతస్తుల అపార్టుమెంటుకి. ఈసారి వరద నీళ్ళు వెనక కాలవలోంచి పొంగి, సెల్లారు వెనక గోడ పగుళ్ళలోంచి, ర్యాంపు మీంచి కిందికి దిగి, నాలుగు రోజులు నిలిచాయి. మోటార్లు పెట్టి తోడారు. బురద ఎత్తిపోశారు. అయినా ఆ కంపు పోలేదు. కుళ్ళిన పరుపులు, ఉబ్బిన పుస్తకాలు, ఎవరిదో ఫ్రిజ్జు తలుపు తెరుచుకుని అందులోని సరుకంతా నల్లగా కారిపోయి ఉన్నప్పుడు పుట్టిన వాసన అది. అవన్నీ లారీలో పోయినా వాసన మాత్రం ఇల్లు కట్టుకుని కూర్చుంది. గోడల మీద ఛాతీ ఎత్తున గీత గీసినట్టు బురద మరక. దాని పైన బూజు నల్లటి చుక్కలు, కింద ఉప్పు పొంగి తెల్లటి పొక్కులు. గోటితో గీకితే పెచ్చు ఊడి, లోపల తడి పుండులా కనిపించేది.

అపార్టుమెంటు సెక్రటరీ పని మొదలైన రోజునే పైపైన ఒక పూత కొట్టేసి పొమ్మన్నాడు. ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. మేస్త్రి ససేమిరా అన్నాడు. ఉప్పు గీకాలి, తీగ బ్రష్షుతో రుద్దాలి, ప్రతి పగులూ ఉలితో వెడల్పు చేసి పూడ్చాలి, గోడా నేలా కలిసే మూల గుండ్రంగా తీర్చాలి, అప్పుడే పూత. లేదంటే ఇంకొకణ్ణి చూసుకోండి సార్, నా పేరు చెప్పి పెచ్చులూడే గోడ ఇక్కడ ఉండకూడదు అని ముఖం మీదే చెప్పాడు. సెక్రటరీ ఎగాదిగా చూసి ఒప్పుకున్నాడు. గోడ కోసం అయితే మేస్త్రికి నోరు బాగానే లేస్తుంది.

గోడ తడిసి ఉండాలి గాని కారకూడదు. అది చూడటానికి అతను చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక భాగం గోడకి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. చెమ్మ సరిపోయింది, చెమ్మ ఎక్కువైంది అని చెబుతాడు. చెమ్మ మేస్త్రి అన్న పేరు అలా వచ్చింది. మా బామ్మర్ది గోడల్ని నిమురుతాడు, మనుషులకి మాత్రం తువ్వాలు అడ్డం కట్టుకుంటాడు అని బావ ఎకసెక్కాలాడేవాడు. ఆయన అన్నప్పుడు మేస్త్రి వినపడనట్టు ఉండేవాడు.

ఇవాళ వెనక గోడకి రెండో పూత. నిన్నటి మొదటి పూత నిలువుగా వేశాడు. దాని మీద ఇవాళ్టిది అడ్డంగా పడాలి. ఈ మూల నుంచి ఆ మూలదాకా నలభై అడుగులు, మధ్యలో ఆగకుండా వెళ్ళాలి. ఆగితే ఆగిన చోట అంచు ఆరిపోతుంది. ఆరినదాని పక్కన కొత్తది వేస్తే అతుకు పడుతుంది. పైకి కనపడదు. నీళ్ళకి మాత్రం కనపడుతుంది, సరిగ్గా అక్కడే వెతుక్కుని వస్తాయి. కలిపిన సరుకు కూడా కదుపుతూ ఉంటే ముప్పావుగంట పనికొస్తుంది, కదపకుండా వదిలేస్తే అరగంటకే రాయి. అందుకని అరబకెట్టు కలపడం, అందివ్వడం, మళ్ళీ అరబకెట్టు కలపడం. ఒకడు కలపాలి, ఒకడు పుయ్యాలి. ఎల్లుండి మళ్ళీ వాన అంటున్నారు.

మాట ఇచ్చినట్టే బావని ర్యాంపు పైన, గేటు పక్కన కూర్చోబెట్టాడు. చెట్టునీడ పడుతోంది. గాలి ఆడుతోంది. బకెట్లు కిందికి తేవడానికి వాచ్‌మన్‌ని మాట్లాడాడు. మొదటి రెండు బకెట్లూ అలాగే వచ్చాయి. మేస్త్రి అడుగు వెడల్పు బ్రష్షుతో, ఎడమ నుంచి కుడికి, బొమ్మ గీసినంత శ్రద్ధగా లాక్కుంటూ వెళుతున్నాడు. పైనుంచి దగ్గు వినపడుతూనే ఉంది. దూరంగా ఉంది కాబట్టి ఓర్చుకోవచ్చు.

మూడో బకెట్టుకి బదులు సెక్రటరీ వచ్చాడు. ర్యాంపు సగందాకా దిగి, ముక్కుకి జేబురుమాలు పెట్టుకుని నిలబడ్డాడు.

"మేస్త్రీ, పైన కూర్చున్నాయన మీవాడేనా?"

"మా బావండి."

"ఏమీ అనుకోకు. పిల్లలూ పెద్దలూ వచ్చిపోయే గేటు. ఆ దగ్గేమిటి, ఆ ఉమ్మడమేమిటి! మూడో అంతస్తావిడ చూడలేకపోతున్నానని ఫోను చేసింది. దుమ్ము కూడా కార్ల మీద పడుతోంది. ఆయన్ని కిందికి దింపించు."

మేస్త్రి బ్రష్షు ఆపలేదు. ఆపితే అంచు ఆరిపోతుంది. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది: మా బావకి ఒంట్లో బాగాలేదండి, కింద దుమ్ము పడదండి, పైనే ఉండనివ్వండి. ఇంత చిన్న మాట. గోడ కోసం అంత గట్టిగా ఎగిరినవాడు ఇది అనలేడా? అనలేదు. ఎందుకు అనలేదో అతనికి తెలుసు. మూడో అంతస్తావిడని తిట్టుకోవడానికి అతని దగ్గర తిట్టు లేదు. ఆవిడ ముఖంలో పుట్టిన రోతే పొద్దున పెరట్లో అతని ముఖంలోనూ పుట్టింది. జేబురుమాలు పెట్టుకున్న ఆ పెద్దమనిషీ, మెడకి తువ్వాలు కట్టుకున్న తనూ ఆ క్షణాన ఒక పక్షం.

అలాగే సార్ అన్నాడు.

బావ తనే బస్తా ఈడ్చుకుంటూ దిగాడు. వాచ్‌మన్ ఆ తెల్లటి ద్రవం డబ్బా, ఖాళీ బకెట్లూ తెచ్చిపెట్టి పైకి పోయాడు. దిగినవాడు గోడకి చెయ్యానించి కాసేపు నోరు తెరిచి నిలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. సెల్లారు బల్బు వెలుగులో అన్నీ అలాగే కనిపిస్తాయిలే అనుకున్నాడు మేస్త్రి.

"అక్కకి మాటిచ్చాను బావా."

"ఇస్తే ఇచ్చావులే. పైన ఎండ. కిందే చల్లగా ఉంది" అన్నాడు బావ. పైన చెట్టునీడ ఉందని ఇద్దరికీ తెలుసు.

ఆ మాట అంటుండగానే మళ్ళీ దగ్గు వచ్చింది. వంగిపోయి దగ్గి, మేస్త్రికి మూడడుగుల దూరంలో, శుభ్రంగా కడిగిన నేల మీద ఉమ్మాడు. అందులో ఎర్రటి చారలున్నాయి. మేస్త్రి అవి చూశాడు. చూసి కూడా ముందు అతనికి పుట్టింది భయం కాదు, రోత. 

"కాస్త అవతలికెళ్ళి కలుపు బావా. ఆ పంపు గది వెనక్కి వెళ్ళు. ఇక్కడ పూత మీద దుమ్ము పడుతుంది."

పూత మీద దుమ్ము పడితే ఏమీ కాదు. పొడి కూడా దుమ్మే. బావకి ఆ సంగతి అతనికంటే బాగా తెలుసు. నేల మీద ఉమ్మినదాన్ని చెప్పుతో రాసి, పైన ఇంత పొడి చల్లి, బస్తా, డబ్బా, బకెట్లూ తీసుకుని పంపు గది వెనక్కి వెళ్ళాడు. అక్కడ గాలి రాదు. కిటికీ లేదు. ఒక బల్బు ఉంది.

మూడో బకెట్టు ఇచ్చాడు, నాలుగోదీ ఇచ్చాడు. ఇవ్వడానికి వచ్చిన ప్రతిసారీ చేతిని దూరంగా చాపి, ముఖం పక్కకి తిప్పుకుని ఇచ్చాడు, బామ్మర్ది మీద ఊపిరి పడకుండా. నాలుగోది ఇచ్చి వెళ్ళాక దగ్గు ఒక తెర వచ్చింది. పంపు గది గోడలకి తగిలి రెండింతలై వినపడింది. మేస్త్రి పళ్ళు బిగించాడు. ఈ రోజు గడిస్తే చాలు, ఎల్లుండి ఆస్పత్రివాళ్ళు చూసుకుంటారు, నెల్లాళ్ళు ఈ చప్పుడు లేకుండా పనిచేసుకోవచ్చు అనుకున్నాడు. ఇంకో తెర వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయింది.

హమ్మయ్య అనుకున్నాడు.

నిజంగానే అనుకున్నాడు, పైకి కూడా అన్నాడు. సెల్లారంతా నిశ్శబ్దంగా అయింది. బ్రష్షు గోడ మీద జారే మెత్తటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. భుజాలు కిందికి దిగాయి. మెడకి కట్టిన తువ్వాలు విప్పి కమ్మీ మీద వేశాడు. ఎన్నాళ్ళ తర్వాతో చెయ్యి హాయిగా సాగింది. ఒకే మందంగా, ఒకే వరసగా, గీత మీద గీత కలుస్తూ, బూడిదరంగు తడి మెరుపు గోడంతా పరుచుకుంటూ పోయింది. కింద ఆ బూజూ, ఆ మరకా, ఆ ఉప్పూ ఏవీ లేనట్టు శుభ్రంగా ఉంది. రోత లేని చోటు అంటూ లోకంలో ఏదైనా ఉంటే అది తను అప్పుడే పూసిన గోడ అని మేస్త్రికి ఎప్పుడూ అనిపిస్తుంది. ఆ అరగంటా అతను సంతోషంగా ఉన్నాడు. ఇది దాచడం ఎందుకు.

బకెట్టు అడుగంటింది. ఇంకా ఆరడుగుల గోడ ఉంది.

"బావా, ఇంకోటి."

బ్రష్షు ఆపకుండానే గొంతు పెంచాడు.

"బావా!"

కునుకు తీస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. అంత దగ్గిన తర్వాత నిద్ర పట్టదూ? వెళ్ళి లేపుదామని ఒక అడుగు వేసి ఆగాడు. వెళ్ళి వచ్చేసరికి అంచు ఆరుతుంది. ముప్పైనాలుగు అడుగులు అతుకు లేకుండా వచ్చి ఇక్కడ చెడగొట్టుకోవడమా? నాలుగో బకెట్టు గోడలు గీకాడు. అడుగున ఉన్నదంతా ఊడ్చాడు. పల్చగా కాకుండా, బలం పెట్టి రుద్ది రుద్ది లాక్కుంటూ మూలదాకా తెచ్చాడు. చివరి గీత మూలలో కలిపి బ్రష్షు ఎత్తాడు. నలభై అడుగుల గోడ, ఎక్కడా అతుకు లేదు. అప్పుడు తిట్టుకుంటూ పంపు గది వెనక్కి వెళ్ళాడు.

బావ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వీపు గోడకి ఆనింది. గడ్డం ఛాతీకి ఆనింది. మోకాళ్ళ మధ్య అయిదో బకెట్టు. కలిపే కర్ర అందులో ఉంది, చెయ్యి కర్ర మీద ఉంది.

మేస్త్రి రెండుసార్లు పిలిచాడు. భుజం పట్టుకుని కదిపాడు. చెయ్యి కర్ర మీంచి జారి ఒళ్ళో పడింది. కర్ర మాత్రం కదల్లేదు. బకెట్లో నిటారుగా నిలబడే ఉంది. మేస్త్రి వంగి పూతని వేలితో నొక్కాడు. వేలు దిగలేదు. గోరు కూడా దిగలేదు. ఆ సరుకు అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పది నిమిషాలైతే వేలు దిగుతుంది, ఇరవై అయితే గోరు దిగుతుంది. ఇది పూర్తిగా బిగిసింది. కర్ర ఆగి అరగంట దాటింది. దగ్గు ఆగినప్పుడే అన్నమాట. తను హమ్మయ్య అన్నప్పుడే అన్నమాట.

బావ ముందు నేల మీద కూర్చున్నాడు. బావ మూతి పక్కన ఎర్రటి తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. జేబులోంచి రుమాలు తీశాడు. చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగింది. ఆగింది, చూడండి! ఇరవైమూడేళ్ళ అలవాటు. అప్పుడు మేస్త్రికి తన మీదే పుట్టిన అసహ్యం ముందు సెల్లారు కంపు ఏపాటిది! గట్టిగా కళ్ళు మూసుకుని, బావ మూతి తుడిచాడు.

వాచ్‌మన్ వచ్చాడు, అంబులెన్సు వచ్చింది, ఆస్పత్రివాళ్ళు ఎప్పుడో అయిపోయిందన్నారు. మోసుకెళుతుంటే సెక్రటరీ ర్యాంపు దగ్గర పక్కకి జరిగి నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలని కాబోలు, గోడ మాత్రం చాలా బాగా వచ్చింది మేస్త్రీ అన్నాడు. జేబురుమాలు ముక్కు మీదే ఉంది.

సాయంత్రం అక్క ఇంటి ముందు వీధిలో కుర్చీలు వేశారు. బావని ముందు గదిలో పడుకోబెట్టారు. అక్క ఏడిచి ఏడిచి ఆగి, గోడకి ఆనుకుని కూర్చుంది. మేస్త్రి క్యారేజీ సంచీ ఆమె ముందు పెట్టి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. క్యారేజీ మూత తియ్యలేదు, బరువుగానే ఉంది. అక్క సంచీ వైపు చూసి, తమ్ముడి వైపు చూసింది.

"పైనే కూర్చున్నాడుగా? గాలి తగిలిందా ఆయనకి?"

గదిలో పదిమంది ఉన్నారు. అవునక్కా అంటే అయిపోయేది. కాదనేవాళ్ళెవరూ లేరు.

"లేదక్కా. కింద ఉన్నాడు. నేనే దించాను. దగ్గు వినలేక పంపు గది వెనక్కి పొమ్మన్నాను."

అక్క తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండునని మేస్త్రి ఎదురుచూశాడు. ఆమె సంచీలో చెయ్యి పెట్టి స్టీలు గ్లాసు బయటికి తీసింది. బొటనవేలితో ఆ బూడిదరంగు మచ్చని ఒకసారి తడిమింది.

"ఇదెందుకు పెట్టావో ఆయనకి తెలుసురా. పెట్టిన రోజే ఇంటికొచ్చి చెప్పాడు. వాడికి చీదర, మనమే కాస్త చూసుకోవాలి అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో కూడా ఇందులోనే తాగాడు. వేరేదాంట్లో తాగితే అలవాటు తప్పి, పనిలో పొరపాటున నీది ముట్టుకుంటానని."

గ్లాసు అతని ముందు పెట్టింది.

"నువ్వే తీసుకో. నీ గుర్తుంది దాని మీద."

మేస్త్రి గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. పొద్దున కూర్చున్న చోటే కుళాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గ్లాసు నిండా నీళ్ళు పట్టాడు. ఒక్క గుక్క తాగాలనుకున్నాడు. పదకొండేళ్ళ బాకీ ఒక్క గుక్కతో తీరుతుందని కాదు, ఊరికే, తాగాలనుకున్నాడు. పెదాలదాకా తెచ్చాడు. కడుపులో తిప్పింది. ఇప్పుడు కూడా తిప్పింది, సిగ్గులేని కడుపు. ఇంకోసారి ఎత్తాడు. దించేశాడు. నీళ్ళు నేల మీద ఒలకబోసి, అప్పుడు ఏడిచాడు.

తర్వాత జేబులోంచి పళ్ళ బ్రష్షు తీసి ఆ మచ్చని రుద్దాడు. సబ్బు పెట్టి రుద్దాడు. గోటితో గీకాడు, గోరు విరిగింది. స్కూటరు డిక్కీలోంచి తీగ బ్రష్షు తెచ్చి, మోకాళ్ళ మధ్య గ్లాసు బిగించి, వెలుతురు పోయేదాకా రుద్దాడు. లోపలినుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు. గ్లాసు కుళాయి కింద రాయి మీద ఉండిపోయింది. చుట్టూ స్టీలంతా గీతలు పడి తెల్లబోయింది గాని, బొటనవేలంత ఆ బూడిదరంగు పూత మాత్రం చెక్కుచెదరలేదు.